వీధి తలుపు కొలిచిన లాయరు

లైల్ ట్రెంబాత్ ఆఫీసు మెయిన్ వీధి చివర, ఇనప సామాన్ల కొట్టు పైన మేడలో ఉంది. కింద మెట్ల పక్కన గోడకి ఒక బోర్డు. వాడు చదువు ముగించుకుని ఊరికి తిరిగొచ్చిన ఏడు ఆ బోర్డు మీద పేరు ఒక్కటే ఉండేది. తర్వాత దాని కింద "మద్యం లైసెన్సులు" అని వచ్చింది. కొన్నేళ్ళకి "పురపాలక చట్టం" అని ఇంకో వరస చేరింది. మూడేళ్ళ కిందట ఆ రెండు వరసల మధ్య ఇరికించి "గంజాయి" అని రాయించాడు. రంగు కొత్తది కాబట్టి దూరం నుంచి ఆ ఒక్క మాటే కనిపిస్తుంది. వేసవిలో సరస్సు చూడ్డానికొచ్చే జనం దాని పక్కన నిలబడి ఫోటోలు తీసుకుని నవ్వుకుంటూ పోతారు.

నాకంటే పధ్నాలుగేళ్ళు చిన్నవాడు. వాడి తల్లి మా వంటింట్లో గిన్నెలు తోమింది. అందుకని వాడు అనే రాస్తాను. నచ్చనివాళ్ళు ఇక్కడే ఆపేయొచ్చు.

మా స్లేట్ హార్బర్‌లో రాగి గని నడిచిన రోజుల్లో ట్రెంబాత్‌లది పైచెయ్యి. వాళ్ళు కార్న్‌వాల్ నుంచి మాకంటే ముందొచ్చారు. గనిలో మేస్త్రీలు వాళ్ళు, బండలు తోసినవాళ్ళం ఫిన్లాండు నుంచి వచ్చిన మేము. గని మూతపడ్డాక ఇద్దరి ఆకలీ ఒకటే అయింది. లైల్ తండ్రి ఊపిరితిత్తుల్లో రాతిపొడి నిండి పోయాడు. తల్లి ఈడిత్ మా నాన్న బారులో పనికి కుదిరి పిల్లవాణ్ణి చదివించింది. నేను ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి పధ్నాలుగో యేట బారు బల్ల వెనక నిలబడ్డాను. ఇప్పుడు నాకు ఎనభై ఒకటి, ఇంకా ఆ బల్ల వెనకే ఉన్నాను. లైల్‌ని మాత్రం దక్షిణాన కింది ఊళ్ళకి పంపి లాయరు చదివించాలని ఊరు ఊరంతా పట్టుబట్టింది. నడివేసవి నాట్యాల రోజున మా ఫిన్లాండువాళ్ళ హాల్లో టోపీ తిప్పి చందాలు పోగేసి వాడికి సూటు కుట్టించాం. మా ఆయన ఆర్వో వేశాడు, కలప లారీ నడిపే ఒస్మో లైనె వేశాడు, పాదిరి గారు కూడా వేశారు.

వాడు ఆ సూటు తొడుక్కుని వాదించిన మొదటి కేసు ఒస్మో మీదే. ఒస్మో తన ఆవిరి స్నానాల సౌనా గుడిసె వెనక నాలుగు గంజాయి మొక్కలు పెంచుకున్నాడు. నడుం నొప్పికని అనేవాడు, సరదాకని అందరికీ తెలుసు. లైల్ అప్పుడే ఊరి తరఫు లాయరుగా కుదిరాడు. జడ్జీ ముందు ఒక్కో మొక్కనీ అంగుళాల్లో చదివి వినిపించాడట. ఒస్మోకి తొంభై రోజుల జైలు పడింది. లారీ పోయింది. తిరిగొచ్చి బారులో కూచుని బీరు అడిగాడు.

"సూటు బాగా కుదిరింది హెల్మీ," అన్నాడు. "భుజాల దగ్గర మాత్రం కాస్త వదులైంది."

ఆ తర్వాత వాడు పట్టుకున్నది లైసెన్సులు. మా జిల్లాలో బారు లైసెన్సులకి లెక్క ఉంది. ఇంతమంది జనానికి ఇన్నే. కొత్తగా ఒకడు బారు తెరవాలంటే పాతవాడొకడు మూసెయ్యాలి. లైల్ ఆ చట్టం పుస్తకాన్ని పాదిరి గారికి బైబిలు వచ్చినంత బాగా నేర్చుకున్నాడు. ఏ బారు యజమాని మంచం పట్టాడో, ఎవరి పిల్లలకి బారు అక్కర్లేదో వాడికి మా డాక్టరుకంటే ముందే తెలిసేది. ఎవరింట్లో దగ్గు వినిపిస్తే వాళ్ళ గుమ్మంలో తేలేవాడు. చేతిలో ఏదో ఒకటి ఉండేది. కేకో, జామో, వాళ్ళావిడ చేసిన సూపో. మా ఊళ్ళో ఏడు బార్లు ఉండేవి. నాలుగింటి లైసెన్సులు ఒక్కొక్కటే కదిలి, సరస్సు అవతలి ఒడ్డున పడవలవాళ్ళ హోటళ్ళకి చేరాయి. అక్కడ బీరు గాజు కాడ ఉన్న గ్లాసులో పోస్తారు. ఇక్కడ మూతపడ్డ బార్ల కిటికీలకి చెక్కలు కొట్టారు.

వాడు మాత్రం తాగడు. నలభై యేళ్ళలో వాడి నోట బీరు చుక్క పడగా చూసినవాళ్ళు లేరు. మధ్యాహ్నం ఆఫీసులో కూచుని మాంసం కూరిన పేస్టీ రొట్టెని ఫోర్కుతో, చాకుతో కోసుకు తింటాడు. వాడి తాతలు గని చీకట్లో చేత్తో పట్టుకుని తిన్న తిండి అది.

ఒక్కటి ఒప్పుకుంటాను. ప్రతి నడివేసవికీ మా హాల్లో బీరు పోయడానికి ఒక్కరోజు అనుమతి కావాలి. ఆ కాగితం వాడే రాసిస్తాడు. ఊరికే రాసిస్తాడు. ఒక్క ఏడు కూడా తప్పలేదు. నాట్యానికి మాత్రం రాడు.

మా ఇంటికి వాడు సూపు తెచ్చింది తొంభైనాలుగు ఫిబ్రవరిలో. ఆర్వో మేడమీద మంచంలో ఉన్నాడు. లైల్ తండ్రిని తిన్న అదే రాతిపొడి, అదే దగ్గు. బారులో ఒక్క ఒస్మో ఉన్నాడు, నేను గ్లాసులు తుడుస్తున్నాను. లైల్ వచ్చి టోపీ తీసి గిన్నె బల్ల మీద పెట్టాడు.

"ఆర్వో గారికి ఎలా ఉంది మిసెస్ కంగస్?"

"ఉన్నాడు."

"దేవుడి దయ. ఇలాంటప్పుడు అడక్కూడదు గానీ..."

"అయితే అడక్కు."

"మీ మేలు కోరే అడుగుతున్నా. లైసెన్సు మీ ఇద్దరి పేరా ఉందా, ఆయన ఒక్కరి పేరేనా?"

పైన ఆర్వో దగ్గు వినిపిస్తూనే ఉంది. లైల్ తలెత్తి కప్పు వంక చూశాడు. ఆ చూపు నేను మర్చిపోలేదు. సరుకు ఎన్నాళ్ళు నిలవుంటుందో చూసేవాడి చూపు అది.

గిన్నె తీసుకుని వీధి తలుపు తెరిచి, సూపంతా మెట్ల మీద కుమ్మరించాను. "నువ్వు దాని మీంచి నడిచిపో," అన్నాను. "మళ్ళీ ఈ ఇంట్లో నీ కాలు కనపడిందంటే గిన్నె కూడా విసురుతా."

వాడు సూపు తొక్కకుండా ఒక పక్కగా దిగి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి అది గడ్డకట్టింది. ఒస్మో దాని మీద జారి పడి, లైల్‌ని తిట్టాల్సిన తిట్లన్నీ నన్ను తిట్టాడు. ఆర్వో మార్చిలో పోయాడు. లైసెన్సు ఇద్దరి పేరా ఉంది.

అప్పట్నించి ఇరవై ఎనిమిదేళ్ళు లైల్ మా గుమ్మం తొక్కలేదు. పోస్టాఫీసుకి పోవాలన్నా మా మూల రాకుండా వెనక వీధి చుట్టి పోయేవాడు. నేను ఎదురుపడితే "మిసెస్ కంగస్" అని టోపీ అంచు ముట్టుకునేవాడు. నేను గోడల వంక చూసేదాన్ని.

గంజాయి అమ్ముకోవచ్చని రాష్ట్రం ఒప్పుకుంది. కానీ ఏ ఊళ్ళో అమ్మాలో, ఎన్ని కొట్లో, ఎక్కడో తేల్చుకోడం ఆ ఊరి సభ పని. మా సభకి లాయరు ఎవరు? లైల్. కొట్టు పెడతామని వచ్చిన కింది ఊళ్ళ కంపెనీకి లాయరు ఎవరు? లైల్. సభ రాతగత్తె డార్లీన్ నీమి రోజూ పని అయ్యాక మా బారుకొచ్చి కాఫీ తాగుతుంది. నేను దాన్నే అడిగాను.

"అదెట్లా కుదురుతుందే? పెళ్ళికొడుకు తరఫునా వాడే, పెళ్ళికూతురు తరఫునా వాడేనా?"

"ముందే అడిగాడు అత్తా. రెండు కుర్చీల్లోనూ కూచుంటాను, మీకు అభ్యంతరమా అని. మనవాళ్ళు లేదని సంతకాలు పెట్టారు."

"చదివే పెట్టారా?"

"పదకొండు పేజీలు అత్తా. రెయినోకి ఆకలేస్తోంది."

రెయినో తపని సభలో సభ్యుడు, ఊరి మంటలార్పే దళానికి పెద్ద కూడా. వాడి ఆకలి మీద మా ఊరి చట్టాలు చాలా పుట్టాయి.

లైల్ రాసిన చట్టం ఇదీ. ఊళ్ళో గంజాయి కొట్టు ఒక్కటే. అది మెయిన్ వీధిలోనే ఉండాలి. బడి తలుపు నుంచి కొట్టు తలుపు దాకా, దారి వెంట కొలిస్తే, వెయ్యి అడుగులకి తగ్గకూడదు. ఆ మే నెలంతా వాడు కొలత చక్రం తోసుకుంటూ తిరిగాడు. పొడుగాటి కర్రకి చిన్న చక్రం ఉంటుంది, దొర్లుతుంటే అడుగుకోసారి టిక్కుమంటుంది. ఎవరికో డబ్బిచ్చి కొలిపించుకోవచ్చు. వాడు ఒప్పుకోడు. కొలత వాడి చేత్తోనే పడాలి. ఒకరోజు నేను కిటికీలోంచి చూస్తుండగా మా వీధి మెట్ల ముందు ఆగి, వంగి అంకె చూసి, జేబులో పుస్తకం తీసి రాసుకున్నాడు. మొహం ఎత్తలేదు.

కొలతలన్నీ అయ్యాక మెయిన్ వీధిలో ఆ చట్టానికి సరిపడ్డ ఇల్లు ఒక్కటే తేలింది. నాది.

జూలైలో కంపెనీ మనిషి వచ్చాడు. కుర్రాడు, బూట్లకి మట్టంటని రకం. ఇల్లు కొంటామన్నాడు. చెప్పిన రేటు మంచిదే. నేను అమ్మనన్నాను.

"మీ వయసుకి విశ్రాంతి కావాలి కదండీ?"

"నా వయసు సంగతి నీకెందుకు బాబూ? నీ వయసుకి పని కావాలి. వెళ్ళి చూసుకో."

పెంచి చెప్పాడు. మళ్ళీ అమ్మనన్నాను. ఆ ఇంట్లో మా నాన్న చచ్చాడు, ఆర్వో చచ్చాడు. నేను కూడా అక్కడే, బల్ల వెనకే చావాలని నా కోరిక. ఆ మాట ఆ కుర్రాడికి చెప్పలేదు.

ఆగస్టులో ఉత్తరం వచ్చింది. ఊరి సభ ముద్ర, లైల్ సంతకం. కంగస్ బారు లైసెన్సు ఇంకో ఏడాదికి పొడిగించవద్దని రాష్ట్రానికి రాయాలా వద్దా అన్నది సెప్టెంబరు సభలో తేలుస్తారట. కారణాలు కింద వరసగా ఉన్నాయి. పొగగొట్టం పగిలింది. నీటిగొట్టం ఊడింది. ఆరేళ్ళలో రెండు కొట్లాటలు జరిగాయి. ఆ రెండింటిలో ఒకటి చర్చి కమిటీవాళ్ళదని మాత్రం అందులో లేదు. లైసెన్సు లేని బారుతో నేనేం చేసుకుంటాను? ఎదురుగా ఖాళీ గ్లాసులు పెట్టుకుని కూచోవాలి. ఏడాది తిరక్కుండా ఇల్లు వాళ్ళకే పోతుంది. వాడు నన్ను తొయ్యలేదు, నా కింద నేల మాత్రం తీసేస్తున్నాడు.

డార్లీన్ ఏడుపు మొహంతో వచ్చి, సభలో గోడకి తగిలించే పటం నకలు నా ముందు పరిచింది. బడి దగ్గర ఎర్ర చుక్క, మా బారు దగ్గర ఎర్ర చుక్క, మధ్య దారి వెంట గీత. గీత పక్కన వెయ్యి పధ్నాలుగు అని అంకె.

"పధ్నాలుగు అడుగుల్లో దొరికిపోయావు అత్తా," అంది. "ఇంకో పదిహేనడుగులు ఇటుంటే నీ జోలికే వచ్చేవాళ్ళు కాదు."

నేను ఆ చుక్కని చూస్తూ ఉండిపోయాను. మాది మూలమీద ఇల్లు. ఒక మొహం మెయిన్ వీధికి, ఒక పక్క బడి వీధికి. చుక్క మెయిన్ వీధి వైపు ఉంది.

"ఇది ఏ తలుపే?"

"మీ బారు తలుపే."

"కళ్ళజోడు పెట్టుకుని చూడు."

చూసింది. నెత్తి కొట్టుకుంది.

సంగతి ఇది. ఆర్వో పోయిన తర్వాతి చలికాలం కప్పు మీది మంచు ఒక్క ఊపున జారి వీధి మెట్ల మీద పడింది. అప్పుడే బయటికొస్తున్న పోస్టు మనిషికి కాలు విరిగింది. మా దగ్గర మంచు మనిషి ఎత్తు దాటి పడుతుంది. చూరు వీధి వైపుకి వాలి ఉన్న ఇంట్లో వీధి తలుపు వాడటం బుద్ధిలేని పని. లోపలి నుంచి చెక్కలు కొట్టి, సందుల్లో గోనె కూరి, దానికి ఆనించి పెద్ద ఐస్‌పెట్టె పెట్టేశాను. బడి వీధి వైపున్న పక్క తలుపే అప్పట్నించి బారు తలుపు. బయటినుంచి చూస్తే ఏమీ తెలియదు. మెట్లు బాగుచేయించాను, పిడి ఉంది, పైన దీపం ఉంది, కంగస్ అని అక్షరాలున్నాయి. ఊళ్ళో పిల్లా పెద్దా అందరికీ ఆ తలుపు తెరుచుకోదని తెలుసు. తెలియనిది ఒక్కడికే. వాడు ఆఖరిసారి మా ఇంట్లోంచి బయటికి పోయింది ఆ తలుపు గుండానే.

"సభలో ఒక్కళ్ళైనా వాడికి చెప్పలేదా?"

"అందరికీ తెలుసు కదా అని ఎవరూ చెప్పలేదు అత్తా. నేనే పటం తగిలించా. నాకే తట్టలేదు."

"ఇప్పుడు కూడా చెప్పకు."

"చెప్పను. కానీ అత్తా..." డార్లీన్ గొంతు తగ్గించింది. "ఆ తలుపు మూసేశానని సభలో అంటే, రెండో దారి లేని బారు నడుపుతున్నానని నువ్వే ఒప్పుకున్నట్టు. మంటల చట్టం ఉంది. పొగగొట్టానికి కాకపోయినా దానికి లైసెన్సు పోతుంది."

అదీ నిజమే. నోరు మూసుకుంటే లైల్ కొలత నిలుస్తుంది, ఇల్లు కంపెనీకి పోతుంది. నోరు తెరిస్తే నా మెడకి నేనే తాడు తగిలించుకున్నట్టు. మూడు వారాలు ఆలోచించాను. పక్క తలుపు నుంచి వచ్చేవాళ్ళని చూస్తూ, పోయేవాళ్ళని చూస్తూ ఆలోచించాను. ఎవర్నీ సలహా అడగలేదు. ఊళ్ళో సలహా చెప్పే లాయరు ఒక్కడే కదా.

సభ సాయంత్రం అయిదింటికి. ఎండ ఇంకా కిటికీల్లోంచి పడుతూనే ఉంది. ఊరంతా వచ్చింది. కంపెనీ కుర్రాడు ముందు వరసలో ఉన్నాడు. సభ పెద్ద గిల్ లెమే నావైపు చూసి గొంతు సవరించుకున్నాడు.

"హెల్మి గారూ, మీకు మూడు నిమిషాలు."

"అరవై ఏడేళ్ళు బీరు పోశాను మీకు. దానికి మూడు నిమిషాలా? సరే, నాకు అంత కూడా అక్కర్లేదు. లైల్‌ని రెండు మాటలు అడగాలి."

ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత వాడి పేరు నా నోట రావడం విని వెనక ఎవరో దగ్గారు. లైల్ లేచి నిలబడ్డాడు. జుట్టు నెరిసింది. సూటు మాత్రం ఇప్పుడు భుజాల దగ్గర సరిగ్గానే ఉంది.

"అడగండి మిసెస్ కంగస్."

"నువ్వు కొలిచింది ఏ తలుపు?"

"మీ బారు ముఖద్వారం. మెయిన్ వీధిది. వెయ్యి పధ్నాలుగు అడుగులు."

"చట్టంలో ఏ తలుపని రాశావు?"

కాగితం చూడకుండా చెప్పాడు. "ఈ చట్టం వచ్చిన నాటికి జనం మామూలుగా వచ్చిపోయే తలుపు."

నేను జనం వైపు తిరిగాను. "ఈ ఇరవై యేడేళ్ళలో ఆ వీధి తలుపులోంచి నా బారులోకి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే లేవండి."

ఎవరూ లేవలేదు. కుర్చీ ఒకటి కిర్రుమంది. ఒస్మో చెయ్యెత్తాడు. "నేను తొంభైనాలుగులో వచ్చా. సూపు మీద జారి పడ్డా. లెక్కలోకొస్తుందా?"

హాలంతా గొల్లుమంది. లైల్ మొహంలో ఏమీ కదల్లేదు. నేను రెయినో వైపు చూశాను. వాడు బూట్లు చూసుకుంటున్నాడు.

"రెయినో, ఆ తలుపు వెనక ఏముందో చెప్పరా."

"అత్తా, నన్నెందుకు..."

"నువ్వు మంటలార్పే పెద్దవి. చెప్పు."

"ఐస్‌పెట్టె," అన్నాడు. "చెక్కలు. ఇంకా గోనె."

లైల్‌కి అర్థమవడానికి ఊపిరి తీసినంత సేపు కూడా పట్టలేదు. తన తప్పు, నా తప్పు రెండూ ఒక్కసారే పట్టుకున్నాడు. చదువు వృథా కాలేదు వాడికి.

"అంటే, బారుకి ఒకటే దారి. నిప్పంటుకుంటే జనం బయటపడ్డానికి రెండో దారి లేదు. ఇరవై యేడేళ్ళుగా."

"అవును."

"అది మీరే సభలో ఒప్పుకుంటున్నారు."

"ఒప్పుకోడానికే వచ్చాను. రాసుకో. నా తప్పు నేను రాయించుకుంటా, నీ తప్పు నువ్వు కొలుచుకో."

కంపెనీ కుర్రాడు వాడి చెయ్యి పట్టి చెవిలో ఏదో గొణిగాడు. లైల్ చెయ్యి విడిపించుకుని, మూల నిలబెట్టిన కొలత చక్రం తీసుకుని బయటికి నడిచాడు. అయిదుగురు సభ్యులూ వాడి వెంట, ఊరు వాళ్ళ వెంట, నేను కర్ర పోటేసుకుంటూ ఆఖర్న. బడి తలుపు దగ్గర చక్రం సున్నాకి తిప్పాడు. బడి వీధి మధ్యన పడి నడిచాడు. టిక్కు టిక్కుమని చక్రం చప్పుడొక్కటే. మా పక్క తలుపు ఎదురుగా ఆగి, రోడ్డు మధ్య నుంచి గడప దాకా దొర్లించి, కళ్ళజోడు తుడుచుకుని వంగాడు.

"తొమ్మిదొందల నలభై ఆరు."

"ఇంకోసారి చూడండి," అన్నాడు కంపెనీ కుర్రాడు.

"చూశాను."

"మూల మీంచి తిప్పి కొలిస్తే..."

"చక్రం మనకి కావలసినట్టు తిరగదు," అన్నాడు లైల్.

ఆ అంకె మార్చి చెప్పినా పట్టుకునేవాళ్ళు లేరు. చక్రం వాడి చేతిలో ఉంది, చూపు వాడిది. చెప్పలేదు. డార్లీన్ తర్వాత దాన్ని పెద్ద మంచితనంగా నాకు వర్ణించబోయింది. నేను కాఫీ కప్పు దాని ముందు పెట్టి ఊరుకోమన్నాను. ఇంటి కప్పు కేసి చూసి పైనున్న మనిషి రోజులు లెక్కపెట్టేవాడు అంకెలు సరిగ్గా చదివితే దానికి దండలు వెయ్యనక్కర్లేదు. వాడికి కొలతంటే అంత ప్రేమ, మనుషులంటే లేదు. అంతే.

అందరం తిరిగి హాలుకి వెళ్ళాం. లైల్ కూచోకుండా, కాగితం ముట్టకుండా, నా లైసెన్సుకి షరతు నోటితో చెప్పాడు. డార్లీన్ రాసుకుంది. నెల రోజుల్లో వీధి తలుపు తెరుచుకోవాలి. లోపలి నుంచి తోస్తే తెరుచుకోవాలి. తలుపు నుంచి రోడ్డు దాకా మూడడుగుల వెడల్పు దారి చలికాలమంతా ఖాళీగా ఉండాలి. ఒక్కసారి మూసుకుపోయి కనిపించినా సభ రాష్ట్రానికి రాస్తుంది, ఇంకో హెచ్చరిక ఉండదు. ఇద్దరు అసలు లైసెన్సే వద్దన్నారు. ముగ్గురు షరతుకి చెయ్యెత్తారు. మూడో చెయ్యి రెయినోది, అదీ సగమే లేచింది.

వెయ్యి అడుగుల్ని తొమ్మిదొందలు చేద్దామని కంపెనీ అడిగింది. దానికి బడి పిల్లల తల్లులు నలభై మంది సభకి వచ్చి కూచున్నారు. ఆ మాట మళ్ళీ రాలేదు. కంపెనీ పదకొండు మైళ్ళ అవతల పక్క ఊరికి పోయింది. అక్కడి కాగితాలు కూడా లైలే రాశాడు. క్రిస్మస్‌కి ముందే కొట్టు తెరిచారు. ఒస్మో శుక్రవారాలు అక్కడికి పోయి, బల్ల వెనకున్న పిల్లతో నాలుగు మొక్కలకి తొంభై రోజులు తిన్న సంగతి చెప్తాడట. ఆ పిల్ల ప్రతిసారీ అయ్యో పాపం తాతా అంటుందట. దానికోసమే పోతాడని నా అనుమానం.

నేను చెక్కలు ఊడగొట్టించాను. గోనె లాగేస్తే లోపల ఎలుక గూళ్ళు మూడు. ఐస్‌పెట్టె జరపడానికి అయిదుగురు పట్టారు. తలుపు తెరుచుకుంది. చూరు అలాగే ఉంది, మంచు దాని ఇష్టం వచ్చినప్పుడు జారుతూనే ఉంది. రోజూ పొద్దున్నే పార తీసుకుని వీధి మెట్ల మీద మంచు తవ్వుతాను. మనిషిని పెట్టుకోమంటారు అందరూ. మనిషి ఒక్కరోజు ఆలస్యం చేస్తే నా బల్ల పోతుంది. పరాయివాడి చేతిలో దాన్ని ఎందుకు పెడతాను?

జనవరిలో మూడు రోజులు ఆగకుండా కురిసింది. నాలుగో రోజు పొద్దున్న తవ్వుతుంటే లైల్ వచ్చాడు. మెయిన్ వీధిలోంచే వచ్చాడు, చుట్టు తిరక్కుండా. జేబులోంచి టేపు తీశాడు.

"మిసెస్ కంగస్. షరతు మూడడుగులు."

"కొలుచుకో."

ఒంగి, నేను చెక్కిన మంచుగోడ నుంచి గోడకి టేపు లాగాడు. రోడ్డు దగ్గర ఒకసారి, మధ్యలో ఒకసారి, మెట్ల దగ్గర ఒకసారి. మెట్ల దగ్గర గోడ కాస్త లోపలికి ఉబ్బి ఉంది. అక్కడ ఇంకోసారి చూశాడు.

"అక్కడెంత?"

"మూడడుగుల ఒక్క అంగుళం."

"అంగుళం నీకు దానం."

పుస్తకంలో రాసుకున్నాడు. మెట్ల ముందు ఒక్క క్షణం నిలబడ్డాడు. తలుపు నా వెనక తెరిచే ఉంది, పొయ్యి మీద కాఫీ వాసన బయటికి వస్తోంది. వయసైనవాడు, ముక్కు ఎర్రబడింది. లోపలికి రమ్మని నేను అనలేదు. వస్తానని వాడూ అనలేదు. టేపు జేబులో పెట్టుకుని, వచ్చే సోమవారం మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళాడు. వాడు మూల తిరిగేదాకా చూసి, మెట్ల దగ్గరి ఆ ఉబ్బుని పారతో చెక్కేశాను.